ముందు సీటు, వెనక తొట్టి

పికప్ ట్రక్కు మగతనానికి చక్రాలు తొడిగిన రూపమనీ, దాన్ని కొనుక్కున్న ఆడది మగవాళ్ల ఆటని వాళ్ల నియమాలతోనే ఆడుతోందనీ మన మిత్రుల్లో కొందరు ఈ మధ్య నాతో చాలాసార్లు అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు. ఒకావిడ 'ఫాలిక్' అనే మాట కూడా వాడారు. నేను టెక్సాస్‌లో ఉంటాను, ఒక పెద్ద పికప్ ట్రక్కు నా పేరున ఉంది, రోజూ నేనే నడుపుతాను. కాబట్టి ఈ విమర్శ నాకు నేరుగా తగులుతుంది. తగిలినందుకు కాదు గాని, ఈ విమర్శ ఎంత తేలిగ్గా చేసిందో చూసి నాకు ఒళ్లు మండింది. బండిని చిహ్నంగా చూసి, చిహ్నాన్ని విప్పి చెప్పి, అక్కడితో పని అయిపోయిందనుకునే అలవాటు మన విమర్శకి ఎప్పుడు పట్టుకుందో తెలియదు. బండి ముందు బరువు మోసే వస్తువు. ఆ బరువేమిటి, ఎవరిది, ముందు సీట్లో ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు నిలబడ్డారు అని అడగకుండా దాని మీద స్త్రీవాద వ్యాఖ్యానం ఎలా చేస్తాం?

అసలు ట్రక్కు అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. మా వైపు, అంటే ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు దాకా కొల్లేరు చుట్టూ ఉన్న ఊళ్లలో, ఇటు తాడేపల్లిగూడెం వరకూ, ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేది. దానికి ఇంజను ఉండదు, స్టీరింగు ఉండదు, సీటు ఉండదు. నాలుగు పక్కలా ఇనప రేకు, అడుగున ఇనప రేకు. దానిలో ధాన్యం బస్తాలు వెళ్తాయి, ఇటుకలు వెళ్తాయి, చేపల మేత వెళ్తుంది, పెళ్లివారు వెళ్తారు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఊరు ఊరంతా వెళ్తుంది. సార్వా ఊడ్పులకీ, దాళ్వా ఊడ్పులకీ, కలుపుతీతకీ ఆడవాళ్లు వెళ్తారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అన్నం వండి, క్యారేజీ కట్టుకుని, చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, రోడ్డు మీదకొచ్చి నిలబడితే ట్రాక్టరు వస్తుంది. ఇరవై మంది, ఒక్కోసారి ముప్ఫై మంది. ముందెక్కినవాళ్లకి రేకు అంచు దొరుకుతుంది పట్టుకోడానికి. తర్వాత ఎక్కినవాళ్లు ముందెక్కినవాళ్ల భుజాలు పట్టుకుంటారు. ట్రాక్టరు మీద మాత్రం ఒక్కడే కూర్చుంటాడు. వాడి పక్కన, చక్రం పైన ఉండే మడ్‌గార్డు మీద ముఠా మేస్త్రి కూర్చుంటాడు. నా చిన్నతనంలో చూసిన ఈ ఏర్పాటు ఇప్పటికీ పెద్దగా మారలేదు. ట్రాక్టరు బదులు కొన్నిచోట్ల సామాన్ల ఆటో వచ్చింది, రొయ్యల షెడ్లకి తలకాయలు తీయడానికి వెళ్లేవాళ్లకి బొలెరో వచ్చింది. ముందు సీటు ముందే ఉంది, తొట్టి వెనకే ఉంది.

ఈ దేశంలో నేను చూసిన మగవాళ్ల ట్రక్కుల కన్నా ఈ ఇనప తొట్టి గురించి స్త్రీవాదులు ఎక్కువ రాయాల్సింది. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిర్చి ఏరడానికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలవలో బోల్తాపడి పదిహేను మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. తొట్టి బోల్తాకొట్టి నీళ్లలో పడితే అది మూతలాగా వాళ్ల మీదే బోర్లాపడుతుంది. 2024 సెప్టెంబర్‌లో మా పక్కనే, దేవరపల్లి మండలంలో, జీడిపిక్కల బస్తాలతో వెళ్తున్న మినీ లారీ తిరగబడి, బస్తాల మీద కూర్చున్న కూలీలు ఏడుగురు ఆ బస్తాల కిందే ఊపిరాడక పోయారు. వాళ్లు మగవాళ్లు. కూలి మనిషైతే చాలు, ఆడా మగా అని తొట్టి అడగదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ వరి దేశంలో వంగి పనిచేసే కూలి ఎక్కువగా ఆడదే కాబట్టి ఆ తొట్టి ఎక్కువగా ఆడవాళ్లదే.

చట్టం ఏమంటుందో చూద్దాం. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు. ఎక్కించి, వాళ్లు చచ్చిపోతే? 1999లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బీమా కంపెనీ బాధ్యత వహించాలంది. 2002 డిసెంబర్‌లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ఆశారాణి కేసులో ఆ మాట వెనక్కి తీసుకుంది. సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవాళ్లకి బీమా కంపెనీ ఇచ్చుకోవాల్సిన పని లేదని తేల్చింది. 1994 సవరణ తర్వాత సరుకు యజమాని గాని, అతని తరఫు మనిషి గాని బండిలో ఉంటే బీమా వర్తిస్తుంది. కాస్త ఆగి ఈ తేడా చూడండి. వడ్ల బస్తాల యజమాని బస్తాల పక్కన కూర్చుని పోతే అతని ప్రాణానికి లెక్క ఉంది. ఆ వడ్లని నారుగా పట్టుకుని నడుం వంచి నాటిన మనిషి అదే తొట్టిలో పోతే ఆమె ఆ లెక్కలోకి రాదు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు డబ్బు కట్టి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కంపెనీలకి చెప్పాయి, నిజమే. అదీ దయ మీద, ఏళ్లు తిరిగాక.

అమెరికాలో ఇలా ఉండదులే అనుకునేవాళ్లకి ఒక చిన్న సంగతి. టెక్సాస్‌లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని పికప్ తొట్టిలో ఎక్కించుకుని బండి నడపడం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. ఊరేగింపులు, సముద్రపు ఒడ్డు, అలాంటివి. వాటిలో ఒకటి, పొలం కూలీలని ఒక చేలోంచి ఇంకో చేలోకి పల్లె రోడ్ల మీద తీసుకెళ్లడం. నేను మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు నాకు పరాయి దేశంలో ఉన్నానన్న భావన కాసేపు పోయింది.

ఇక మన మిత్రులు విమర్శించే ఆ మగ ట్రక్కు సంగతి. ఆ విమర్శలో నిజం లేదని నేను అనను. వాళ్లు అన్నదానికన్నా నిజం ఎక్కువే ఉంది, వాళ్లు చెప్పిన చోట మాత్రం లేదు. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ నలభై ఏళ్లకు పైగా అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే బండ్ల వరసలో మొదట నిలుస్తూ వచ్చింది. మొదట్లో ఎఫ్-150 పొడవులో దాదాపు మూడింట రెండొంతులు తొట్టి. ఇప్పుడు మూడింట రెండొంతులు క్యాబిన్. అంటే బరువు మోసే భాగం కురచబడిపోయింది, కూర్చునే భాగం పెరిగిపోయింది. తోలు సీట్లు, ఏసీ, నాలుగు తలుపులు. వెనకాల కురచ తొట్టి మీద మూత. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల కాలనీల్లో ఇలాంటివి గ్యారేజీలో పట్టక బయట ఆగి ఉంటాయి. ఆ తొట్టిలో ఏడాదిలో ఒకసారి గణపతి విగ్రహం ఎక్కుతుంది, ఇంకోసారి పాత సోఫా ఎక్కుతుంది. మిగతా మూడొందల అరవై మూడు రోజులూ తొట్టి ఖాళీ. మా వైపు ఇరవై మంది నిలబడే చోటంత ఇనుము, ఏమీ మొయ్యకుండా ఆఫీసుకెళ్లి వస్తుంది.

ఇది కేవలం మగవాడి మనసులోంచి పుట్టిన కోరిక కాదు, దీన్ని ప్రభుత్వం పెంచి పోషించింది. 1960ల మొదట్లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ అమెరికా కోళ్ల మీద సుంకం వేశాయి. దానికి ప్రతీకారంగా 1963 డిసెంబర్‌లో అధ్యక్షుడు జాన్సన్ కొన్ని దిగుమతుల మీద 25 శాతం సుంకం వేశాడు. ఆ జాబితాలో బ్రాందీ ఉంది, బంగాళదుంప పిండి ఉంది, చిన్న ట్రక్కులున్నాయి. మిగతావాటి మీద తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల మీద మాత్రం ఉండిపోయింది. (కోడి దగ్గర మొదలై మగవాళ్ల పంతం దాకా పోవడం గోదావరి జిల్లాలవాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి భీమవరం వెళ్తే చాలు.) పోటీ లేకపోవడంతో అక్కడి కంపెనీలు ట్రక్కులు పెంచుకుంటూ పోయాయి. 2003లో వ్యాపారానికి వాడే ఆరువేల పౌన్ల పైబడ్డ బండి ఖరీదుని ఒకే ఏడాదిలో, లక్ష డాలర్ల దాకా, పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చన్నారు. 2004లో అలాంటి పెద్ద కార్లకి ఆ వెసులుబాటుని పాతికవేలకి కుదించారు గాని, ఆరడుగులు, ఆపైన తొట్టి ఉన్న పికప్‌లని వదిలేశారు. డాక్టర్లూ కన్సల్టెంట్లూ ట్రక్కులు కొనడం వెనక కౌబాయ్ కలల కన్నా ఆడిటర్ సలహా బలంగా ఉంది.

దీని ఫలితం ఎవరి ఒంటి మీద పడిందో లెక్కలున్నాయి. అమెరికాలో 2009లో రోడ్డు మీద నడుస్తూ చనిపోయినవాళ్లు దాదాపు 4,100 మంది. 2022లో 7,500 పైన. కారణాలు చాలా ఉన్నాయి, బండి ముక్కు ఎత్తు వాటిలో ఒకటి. నలభై అంగుళాల పైన బానెట్ ఉన్న బండ్లు గుద్దితే మనిషి చచ్చిపోయే అవకాశం, ఎత్తు తక్కువగా వాలుగా ఉన్నవాటితో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో చెప్పింది. నలభై అంగుళాలంటే పొట్టి ఆడమనిషి గుండెకి దగ్గర, ఆరేళ్ల పిల్ల తలకి దగ్గర. బండి లోపల సంగతి చూస్తే, బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవరుకి, అలాంటి ప్రమాదంలోనే ఉన్న మగ డ్రైవరు కన్నా తీవ్రంగా గాయపడే అవకాశం 47 శాతం ఎక్కువని 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. దశాబ్దాల తరబడి పరీక్షల్లో కూర్చోబెట్టిన బొమ్మ సగటు మగవాడి బొమ్మ. 2021లో ఆ బీమా సంస్థే ఇంకో మాట చెప్పింది: తేడాలో పెద్ద భాగం శరీరం వల్ల రాలేదు, ఆడవాళ్లు చిన్న బండ్లలో ఉంటున్నారు, మగవాళ్లు పెద్ద బండ్లలో వచ్చి గుద్దుతున్నారు. ఫాలిక్ అనే మాట కన్నా ఈ వాక్యంలో నాకు పితృస్వామ్యం బాగా కనిపిస్తోంది. ఇది కొలవగలిగేది, ఆపగలిగేది కూడా.

మరి నాకెందుకు ట్రక్కు? నేను కూరగాయలు పండిస్తాను. 2007లో డిపెండెంటు వీసా మీద ఇక్కడికొచ్చాను. హెచ్4 అంటారు. ఎనిమిదేళ్లు పని చెయ్యడానికి అనుమతి లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. పెరట్లో గోంగూర వేశాను. టెక్సాస్ ఎండకి, ఇక్కడి నల్లరేగడికి గోంగూర మనిషెత్తు లేస్తుంది. కాలనీలో అందరికీ కోసి ఇచ్చేదాన్ని. ఊరికే ఇస్తే మంచి కోడలు, కట్టకి ఒక డాలరు తీసుకుంటే చట్టవిరుద్ధం. మన వదినలూ మరదళ్లూ ఇంజనీరింగు చదివి, ఎం.ఫిల్‌లు చేసి, ఆ ఎనిమిదేళ్లలాంటి ఏళ్లు ఎన్ని గడిపారో మన పత్రికల్లో ఒక ప్రత్యేక సంచికకి సరిపోయేంత ఉంది. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఒక దశ దాటిన హెచ్1బి వాళ్ల భార్యలకి, భర్తలకి పనికి అనుమతినిచ్చారు. ఆ కాగితం వచ్చాక మూడెకరాలు కౌలుకి తీసుకున్నాను. ఆనపకాయలూ, దొండకాయలూ, బెండకాయలూ కారు డిక్కీలో పట్టవు. కంపోస్టు అసలే పట్టదు.

కొనడానికి వెళ్తే సేల్స్‌మన్ ధర రాసిన కాగితం నా పక్కనున్న మా ఆయన చేతికిచ్చాడు. అప్పు అడిగితే నాకు క్రెడిట్ చరిత్ర లేదన్నారు. ఎనిమిదేళ్లు ఇంటి ఖర్చు పైసాతో సహా రాసిన మనిషికి చరిత్ర లేదు. ఉన్న కార్డులన్నీ ఆయన పేరున, నేను వాడుకోడానికి అనుమతి ఉన్న మనిషిని. అందుకే పాత బండి చూశాను. 2004 మోడల్, రెండు తలుపులు, ఒకే వరస సీటు, ఎనిమిదడుగుల తొట్టి. అలాంటిది ఇప్పుడు షోరూముల్లో దొరకడం కష్టం, అలంకారానికి పనికిరాదు కాబట్టి. రొక్కం ఇచ్చి నా పేరున టైటిల్ రాయించుకున్నాను. ఏలూరులో ఉన్న మా పెద్దత్త ఫోన్లో, "ఏవే అమ్మాయ్, లారీ తోల్తున్నావంటగా? మీ ఆయన ఉద్యోగం గాని పోయిందేంటి?" అంది. ఆవిడ ప్రశ్నకీ మన మిత్రుల ప్రశ్నకీ మధ్య నాకు ఎక్కువ దూరం కనపడలేదు. బరువు బండి ఆడదాని చేతిలో ఉంటే ఏదో తప్పిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. పెద్దత్తకి సంసారం తప్పింది, వీళ్లకి సిద్ధాంతం తప్పింది.

నా పేరున కాగితం ఉంది కాబట్టి విముక్తి పొందానని మాత్రం చెప్పడం లేదు. కొల్లేరు పక్కన పుట్టినవాళ్లకి కాగితం విలువ, కాగితం మోసం రెండూ తెలుసు. 1970ల రెండో సగంలో ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువులు తవ్వించి మత్స్యకారుల సంఘాలకీ, దళితుల సంఘాలకీ ఇచ్చింది. కాగితం వాళ్ల పేరు మీదే ఉంది. పెట్టుబడి లేక లీజుకిచ్చారు, లీజుదారు బయటివాడు, కొన్నాళ్లకి వాళ్ల చెరువు గట్టు మీద వాళ్లే కాపలా కూలీలయ్యారు. ఇళ్లలోనూ ఇదే. మా వైపు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది, దేశమంతటికీ వర్తించిన కేంద్ర సవరణ కన్నా ఇరవై ఏళ్లు ముందు. ఆ భూమి చెరువవుతుంది, లీజు పుట్టింటి అన్నయ్యో మెట్టినింటి మావగారో మాట్లాడతాడు, ఆమె సంతకం పెడుతుంది. అందుకే నాకు బండి విషయంలో టైటిల్ ఒక్కటే చాలదు. తాళం ఎవరి దగ్గరుంది, డీజిలు డబ్బు ఎవరి సంచీలోంచి, బండి ఎటు వెళ్లాలో ఎవరు చెప్తారు, సరుకు అమ్మిన డబ్బు ఎవరు లెక్కపెడతారు అన్నవి కూడా అడుగుతాను. నాది పెట్రోలు బండే అనుకోండి, మాట అలవాటు.

పెట్రోలు మాటొచ్చింది కాబట్టి పర్యావరణం. లీటరుకి ఆరు కిలోమీటర్లు ఇస్తుంది నా బండి. అది మంచి విషయమని వాదించను. ఇంతకన్నా చిన్న ట్రక్కు, మా దేశంలో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండిలాంటిది, ఇక్కడ అమ్మితే రేపే మారతాను. కోడి సుంకం దాన్ని రానివ్వదు. కానీ ఈ మాట నన్ను అడిగినవాళ్లలో కొందరి చదువు, ప్రయాణం, ఇల్లు ఏ డబ్బుతో వచ్చాయో నాకు తెలుసు. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అప్పటికే సరస్సులో చెరువుల గట్లు తప్ప నీళ్లు కనపడని చోట్లున్నాయి. 2006లో ప్రొక్లెయిన్లు పెట్టి, మందుగుండు పెట్టి, ఐదో కాంటూరు లోపల గట్లు కొట్టేశారు. తర్వాత చాలా గట్లు మళ్లీ లేచాయి. అక్కడి చేపలు ఐసులో లారీలెక్కి హౌరా వెళ్లాయి, ఆ డబ్బు హైదరాబాదు వెళ్లింది, అక్కణ్ణించి ఫీజులుగా మారి ఇక్కడి యూనివర్సిటీలకి వచ్చింది. ఆ దారిలో ఎక్కడా ఎవరూ లీటరుకెన్ని కిలోమీటర్లని అడగలేదు. నా పెట్రోలు లెక్క అడగండి, చెప్తాను. చెరువు లెక్క కూడా అదే బల్ల మీద పెట్టండి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా మేనమామ కూతురు, నాకు వదిన వరస, ఇప్పుడొక పని మొదలుపెట్టింది. ఆమెది కైకలూరు వైపు ఊరు. 2019లో కారు లైసెన్సు తీసుకుంది, కారు లేకుండానే. ఊడ్పు ముఠాలో పన్నెండు మంది కలిసి డ్వాక్రా సంఘం పేరున ఒక టాటా మ్యాజిక్ కొనాలని వాళ్ల ఆలోచన. అది సామాన్ల బండి కాదు, మనుషులెక్కే బండి, సీట్లుంటాయి, కూర్చున్నవాళ్లకి బీమా ఉంటుంది. నడపడానికి వేరే లైసెన్సు కావాలని ఊళ్లో మగవాళ్లు ఆమెని బెదిరించారు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, బజాజ్ అలయన్జ్, రంభాదేవి కేసులో, మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా నడపొచ్చని చెప్పింది. ఆ తీర్పు తెలుగు పేపరు కత్తిరింపు ఒకటి సంపాదించి లామినేషన్ చేయించుకుంది వదిన.

పర్మిట్టు దగ్గర ఒకరోజు పట్టింది, అయింది. ఇప్పుడు అప్పు దగ్గర ఆగింది. పన్నెండు మంది సంతకాలూ ఉన్నా, ఇంకొక పూచీదారు కావాలన్నారట, ఇంట్లో మగవాళ్లెవరైనా అయితే మంచిదన్నారట. అలా ఎక్కడ రాసుందో చూపించమని వదిన అడిగింది. చూపించలేదు, మళ్లీ వారం రమ్మన్నారు. దాళ్వా ఊడ్పులు మొదలయ్యేలోపు తేలకపోతే ఈసారికి మళ్లీ ట్రాక్టరే.